శిక్ష ఖరారుకు ముందు చెప్పవలసిన మాట

నేరం రుజువైనదని న్యాయస్థానం ప్రకటించగానే అంతా ముగిసినదని పలువురు భావిస్తారు. నిజానికి అప్పుడే మరొక ప్రశ్న మొదలవుతుంది: శిక్ష దేనికొరకు? చేసిన తప్పుకు ప్రతిఫలంగానా, ఇతరులకు హెచ్చరికగానా, సమాజ రక్షణకా, లేక నేరస్థుని సంస్కరించుటకా? ఈ లక్ష్యాలు అన్నివేళలా ఒకదానితో ఒకటి పొసగవు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షనును చూడండి. దొంగతనానికి మూడేళ్ల వరకు కారాగారవాసం విధించవచ్చును. అయితే సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, నేరం మొదటిసారి రుజువై, సొత్తునో దాని విలువనో తిరిగి అప్పగించినట్లయితే శిక్ష సమాజ సేవ మాత్రమే. అదే నేరం మళ్లీ రుజువైతే ఏడాదికి తగ్గని, ఐదేళ్ల వరకు కఠిన కారాగారవాసం. సంస్కరణ, బాధితుని నష్టపూర్తి, భయహేతువు మూడూ ఒక్క సెక్షనులోనే ఇమిడి ఉన్నాయి. సమాజ సేవకు వేతనం ఉండదు. అది శిక్షయే గాని క్షమాభిక్ష కాదు.

1958 నాటి ప్రొబేషన్ చట్టం మరింత ఉదారమైనది. 21 ఏళ్ల లోపువారిని, యావజ్జీవ శిక్షకు తగని నేరాలలో, కారణాలు వ్రాయకుండా జైలుకు పంపరాదు.

నేరనియంత్రణకు పెద్దపీట వేసే విధానం వేగాన్ని కోరుతుంది. విధివిహిత ప్రక్రియను గౌరవించే విధానం ముద్దాయి మాట వినమంటుంది. అమెరికా న్యాయవేత్త హెర్బర్ట్ ప్యాకర్ 1964లో చూపిన ఈ భేదం మన న్యాయస్థానాలలోనూ కనిపిస్తుంది. సెషన్సు విచారణలలోను, వారంటు కేసులలోను నేరం రుజువైన తరువాత, శిక్ష విషయమై ముద్దాయి చెప్పుకొనేది సాధారణంగా వినవలెను. ఇది లాంఛనం కాదని 1976లో సంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసి, ఆ అవకాశమివ్వని శిక్షను రద్దు చేసింది.

పాలమూరు నుండి తాపీపనికి వచ్చిన యువకుని న్యాయమూర్తి కన్నడంలో అడిగితే, అర్థంకాక తలవంచుకొని నిలబడతాడు. అతని వయస్సు, ఇది తొలి తప్పిదమనుట, అతని కూలిపై బ్రతికే తల్లి, ఇవేవీ రికార్డులోకి ఎక్కవు. భాష తెలియదని చెప్పుటకు సంకోచించరాదు. తెలియని భాషలోని సాక్ష్యాన్ని ముద్దాయికి తెలిసిన భాషలో వినిపించవలెనని చట్టమే చెబుతున్నది. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. ఫోను నంబరు 15100. వయస్సు ధ్రువపత్రం, మేస్త్రీ లేదా యజమాని ఇచ్చిన ఉత్తరం, ఇంటి ఆధారం కుటుంబ సభ్యులు ముందుగానే ఆ న్యాయవాదికి అందజేయవలెను.