తారీఖు తారుమారైతే...

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలుగు మాటలు చెవిన పడతాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో. అలాంటి ఒక పెద్దాయన 2024 మార్చి 4, సోమవారం నాడు నా టేబుల్ దగ్గరికి వచ్చారు.

"సారూ, నా బాండు పైసలు ఇయ్యాల వస్తయన్నరు. కౌంటర్ల పిల్లగాడేమో ఏప్రిల్ మూడు అంటుండు. బిడ్డ పెండ్లి ఈ నెల్లనే. ఇగ వడ్డీకి తెచ్చుకోవాల్నా?"

ఆయన చేతిలోని డిపాజిట్ రసీదు చూశాను. 04-03-2024. సిస్టమ్‌లోనూ అదే ఉంది. తప్పంతా నేను తయారుచేసి పంపిన గడువు జాబితాలోనే! డబ్బు ఆ రోజే ఆయన ఖాతాలో జమైంది. కానీ మన మాట నమ్మి ఆయన తిరిగి వెళ్లిపోయి ఉంటే? నా జాబితా చేసిన పొరపాటుకు ఆయన వడ్డీ కట్టేవారు.

ఆ సాయంత్రం కూర్చుని కారణం వెతికాను.

ఎక్సెల్ తారీఖును తారీఖుగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1. ఆ లెక్కన 2024 మార్చి 4 అంటే 45355. సమయం దశాంశం: మధ్యాహ్నం 12 గంటలంటే 0.5. మనకు కనిపించేది ఆ అంకెకు తొడిగిన చొక్కా మాత్రమే. సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేస్తే చొక్కా మిగులుతుంది, లోపలి అంకె పోతుంది. నా ఫైల్‌లో మిగిలింది "04-03-2024" అనే అక్షరాలే. దాన్ని తెరిచిన కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. కాబట్టి మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయింది.

ఇంకో చిక్కు ఉంది. 25-03-2024 లాంటివి మారలేదు, ఎందుకంటే 25వ నెల లేదు. పన్నెండు లోపు రోజులే తారుమారయ్యాయి. అందుకే పైపైన చూస్తే జాబితా సరిగ్గానే అనిపించింది.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది:

1. సేవ్ చేసే ముందు తారీఖుల కాలమ్ ఎంచుకుని, ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్‌కు వెళ్లి సంవత్సరం-నెల-రోజు వరుస పెడతాను: 2024-03-04. ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేదీ ఈ వరుసే. ఇందులో తికమక ఉండదు.

2. సమయం ఉంటే సెకన్లతో సహా కనిపించేలా పెడతాను. తెరమీద 14:05 అని మాత్రమే ఉంటే, 14:05:37లోని 37 సెకన్లు ఫైల్‌లోకి రావు.

3. సేవ్ చేశాక నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తాను. ఫైల్‌లో నిజంగా ఏముందో అదే చూపిస్తుంది.

4. ఇతరులు పంపిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయను. ఎక్సెల్ డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చుకుని, 'డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్' ఎంచుకుంటాను. తారీఖులు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

5. తారీఖుల్లో కొన్ని సెల్‌లో ఎడమకు, కొన్ని కుడికి జరిగి కనిపిస్తే ఆగి చూస్తాను. చాలాసార్లు ఎడమవైపువి ఎక్సెల్‌కు అర్థం కానివి.

ఇంట్లో బీమా ప్రీమియం, పిల్లల ఫీజుల గడువులు ఎక్సెల్‌లో రాసుకునేవారికీ ఇవే జాగ్రత్తలు. పెళ్లి బాగా జరిగిందని చెప్పడానికి పెద్దాయన మిఠాయితో వచ్చారు. "తారీఖు మంచిగ చూసి చెప్పుర్రి సారూ" అని నవ్వారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.