కొలరాడో చట్టం, నీ వీసా

చి. కార్తీక్‌కు,

కొలరాడోలో గంజాయి మొక్క ఇంట్లో పెంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందనీ, రూమ్మేట్లతో కలిసి రెండు కుండీలు పెడదామనుకుంటున్నాననీ రాశావు. మొదటిసారి కనుక ఏ మట్టి వాడాలో, ఎంత వెలుతురు కావాలో చెప్పమన్నావు. దాచకుండా అడిగావు, అందుకు సంతోషం. అయితే మట్టి సంగతి నేను చెప్పను. ఆ మొక్క నీ ఇంట్లో ఉండకూడదని చెప్పడానికే ఈ ఉత్తరం. గంజాయి మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి పోవడం లేదు. అందులో నీకూ నాకూ వేరువేరు అభిప్రాయాలు ఉంటే ఉండనీ. నువ్వు ఏ చట్టం చదివి ధైర్యం తెచ్చుకున్నావో, నీ వీసా ఆ చట్టం చేతిలో లేదు. నా మాటంతా దాని గురించే.

నువ్వు చదివింది తప్పు కాదు. 2012లో కొలరాడో ఓటర్లు 64వ సవరణను గెలిపించారు. దాని ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు మనిషికి ఆరు మొక్కల దాకా పెంచుకోవచ్చు. వాటిలో పూతకొచ్చినవి మూడు మించకూడదు, తాళం పడే చోట ఉండాలి. ఇంట్లో ఎంతమంది ఉన్నా మొత్తం 12 దాటకూడదు. ఈ వెసులుబాటు అన్నిచోట్లా లేదని కూడా తెలుసుకో. న్యూజెర్సీలో దుకాణానికి వెళ్లి గంజాయి కొనుక్కోవచ్చు గానీ సరదాకి ఇంట్లో మొక్క పెంచడానికి వీల్లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ అంతే, వైద్యం పేరున తప్ప ఇంటి పెంపకం కుదరదు. టెక్సస్‌లో అసలే కుదరదు. ఎడిసన్‌లోనో రెడ్‌మండ్‌లోనో డాలస్‌లోనో ఉన్న నీ స్నేహితులు నీ ఫొటో చూసి తామూ మొదలుపెడితే అక్కడి రాష్ట్ర చట్టమే వాళ్లను పట్టుకుంటుంది. నీ విషయంలో రాష్ట్రం ఊరుకుంటుంది, నిజమే. కానీ 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని నియంత్రిత మాదకద్రవ్యాల్లో చేర్చింది. దాని లెక్కలో విత్తు నాటడం, పెంచడం, కోయడం అన్నీ మాదకద్రవ్యం తయారీ కిందికే వస్తాయి. చదువు తర్వాత పని చేసుకోనిచ్చే నీ ఓపీటీ, రేపటి హెచ్1బీ ఉద్యోగ వీసా, ఆ తర్వాతి గ్రీన్‌కార్డు, వీటిలో ఒక్కటి కూడా కొలరాడో ఇచ్చేది కాదు. అన్నీ ఫెడరల్ ప్రభుత్వానివే.

రాష్ట్రం అవునని కేంద్రం కాదంటే ఎవరి మాట నెగ్గుతుందన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వెళ్లింది కూడా సరిగ్గా నువ్వు పెట్టాలనుకుంటున్నలాంటి ఇంటి మొక్కల మీదనే. కాలిఫోర్నియాలో డయాన్ మాన్సన్ అనే ఆమె డాక్టరు సలహా మీద, రాష్ట్ర చట్టానికి లోబడి, తన అవసరానికి ఆరు మొక్కలు పెంచుకుంది. 2002లో ఫెడరల్ అధికారులు, కౌంటీ పోలీసులు కలిసి ఆ ఇంటికి వచ్చారు. రాష్ట్ర చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదని కౌంటీ పోలీసులే తేల్చారు. అయినా ఫెడరల్ అధికారులు ఆ ఆరు మొక్కలనూ స్వాధీనం చేసుకుని నాశనం చేశారు. ఆమె, ఏంజెల్ రైచ్ అనే మరో రోగి కలిసి కోర్టుకెక్కారు. అమ్మలేదు, కొనలేదు, రాష్ట్రం పొలిమేర దాటించలేదు, ఇందులో కేంద్రానికి ఏం పని అన్నది వాళ్ల వాదన. 2005 జూన్‌లో కోర్టు 6-3 మెజారిటీతో కేంద్రం పక్షాన నిలిచింది. ఆ తీర్పుకు ఊతమిచ్చింది 1942 నాటి ఒక గోధుమ రైతు కేసు కావడం మన వ్యవసాయ కుటుంబాలవాళ్లు గమనించదగ్గ సంగతి. ఒహాయోలో ఫిల్బర్న్ అనే రైతు కోటాకు మించి వేసిన గోధుమ తన ఇంటికీ తన పశువులకేనన్నా కోర్టు ఒప్పుకోలేదు. ఇంటి అవసరానికి పండించుకున్నదైనా దేశం మొత్తం మార్కెట్ మీద ప్రభావం చూపుతుందని అప్పుడు తేల్చిన సూత్రాన్నే గంజాయికీ వర్తింపజేశారు.

ఇక్కడ నువ్వు ఒక మాట అంటావు. ఆరు మొక్కల కోసం ఫెడరల్ పోలీసులు ఇంటికి రావడం ఎక్కడ చూశాం, డెన్వర్‌లో వేలమంది పెంచుకుంటున్నారు కదా అని. ఒప్పుకుంటాను, రారు. నా భయం పోలీసుల గురించి కాదు, ఫారాల గురించి. పోలీసులు రాకపోవచ్చు గానీ ఫారం రాక తప్పదు. స్టాంపింగ్ కోసం ఇండియాకు వచ్చినప్పుడు నువ్వు నింపే డీఎస్-160 వీసా దరఖాస్తులో మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించావా అన్న ప్రశ్న ఉంటుంది. అరెస్టయ్యావా అన్నది వేరే ప్రశ్న, ఇది వేరే. గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ పౌరసత్వపు దరఖాస్తులోనూ ఇలాంటివే అడుగుతారు. వలస చట్టం ప్రకారం కేసు, శిక్ష ఏమీ లేకపోయినా, అలాంటి పని చేశానని మనిషి స్వయంగా ఒప్పుకుంటే చాలు, ప్రవేశానికి అనర్హుడని చెప్పే వీలుంది. గ్రీన్‌కార్డు దగ్గర మాఫీ అడుగుదామంటే, అది సొంతానికి 30 గ్రాముల లోపు గంజాయి దగ్గర పెట్టుకున్న ఒకేఒక్క సందర్భానికి ఉద్దేశించింది. పెంపకానికి అది వర్తించదు. పోనీ లేదని రాస్తే? అబద్ధం చెప్పి వీసా పొందజూడడం ఇంకో నేరం, దానికి జీవితాంతం నిషేధం పడవచ్చు. నిజం చెబితే ఒక ప్రమాదం, అబద్ధం చెబితే అంతకు మించిన ప్రమాదం. ఏ తప్పూ చేయని నువ్వు రెండు కుండీల కోసం కోరి ఆ ఇరుకులోకి వెళ్లడం ఎందుకు నాయనా? ఈ రోజు నీ దగ్గర ఆ ప్రశ్నకు 'లేదు' అనే నిజమైన జవాబు ఉంది. దాన్ని నిలుపుకో.

ఇదంతా నా అతిభయం అనుకుంటావేమో. 2019 ఏప్రిల్‌లో అమెరికా పౌరసత్వ, వలస సేవల శాఖ తన అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగానే ఉంది. రాష్ట్రం ఒప్పుకున్నా సరే, గంజాయికి సంబంధించిన పనులు పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చునని చెప్పింది. ఆ పనుల్లో గంజాయి పరిశ్రమలో ఉద్యోగాన్నీ చేర్చింది. మొక్కలతో సంబంధం లేకపోయినా గంజాయి దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ నుంచి ఆఫర్ వస్తే, ఇది గుర్తుపెట్టుకుని లాయరును అడగకుండా సంతకం చేయకు.

మెడికల్ కార్డు తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. మాన్సన్, రైచ్ ఇద్దరూ రోగులే. గంజాయిని ఆ ఫెడరల్ చట్టంలోని నియంత్రిత ద్రవ్యాల మొదటి జాబితా నుంచి మూడో జాబితాకు దించాలని 2024లో న్యాయశాఖ ప్రతిపాదించిన మాట నిజమే. కానీ వలస చట్టానికి అయిదు జాబితాలూ ఒకటే. మూడో జాబితాలోకి దిగినా అది నియంత్రిత ద్రవ్యమే, ఇంట్లో పెంచుకునే హక్కు దానితో రాదు. మత్తు తక్కువ ఉండే హెంప్ అయితే పరవాలేదుగా అంటావా? 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న మొక్కను విడదీసింది, నిజమే. కానీ దాన్ని పెంచడానికీ లైసెన్సు కావాలి. పైగా కుండీలో ఉన్నది ఏ రకమో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

కష్టమైన చిక్కు నీ రూమ్మేట్లు. వాళ్లలో ఇద్దరు అక్కడి పౌరులన్నావు. వాళ్లకు వీసా భయం లేదు గనుక పెంచుకుంటామంటే కాదనే హక్కు నీకు లేదు. కానీ అద్దె నువ్వూ కడుతున్నావు, హాల్లో ఉన్న కుండీ ఎవరిదంటే అందరిదీ అవుతుంది. మొక్క వాళ్ల గదిలో, వాళ్ల తాళం కింద ఉండాలని చెప్పు. విత్తనాలకీ లైట్లకీ నీ కార్డు వాడనివ్వకు, వాళ్లు ఊరెళితే నీళ్లు పోసే పని ఒప్పుకోకు. అద్దె ఒప్పందంలో ఏముందో కూడా చూడు, రాష్ట్రం ఒప్పుకున్నా ఇంటి యజమాని వద్దనవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇల్లు మారు. డిపాజిట్ పోయినా పరవాలేదు, అది నేను పంపిస్తాను.

ఈ చట్టం న్యాయమైనదా అని అడిగితే, కాదనే నా అభిప్రాయం. ఒకే ఇంట్లో ఒకే మొక్క ఒకడికి సరదా, పక్కవాడికి బహిష్కరణ కావడం సమంజసం కాదు. దాన్ని మార్చమని అడిగే బలం ఓటున్నవాళ్లకుంది, ఆ ఓటు నీకింకా రాలేదు. ఇంకొక్క విషయం. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు సరదాకైనా విత్తనాలు వెంట తేవద్దు. ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పెంపకం విషయంలో ఒక మొక్కా వంద మొక్కలా అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు.

కుండీలు ఇప్పటికే పెట్టేసి ఉంటే నాకు వివరాలు రాయకు, మెసేజ్‌లలో ఎవరికీ చెప్పకు. ముందు వలస చట్టం తెలిసిన లాయరును కలుసుకో. ఆయనతో మాట్లాడేదాకా దేశం దాటకు, ఏ ఫారం మీదా సంతకం పెట్టకు. ఇంకా పెట్టకపోతే ఈ వారంలోనే రూమ్మేట్లతో కూర్చుని మాట్లాడి, ఏం తేలిందో ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న