పాత మొబైల్ క్లినిక్ వ్యానులో నీటి చెమ్మ: కనిపెట్టడం, ఆరబెట్టడం, బాగుచేయడం

గత సంచికలో వార్డులలోని మంచినీటి ట్యాంకుల శుభ్రత గురించి తెలుసుకున్నాము. ఈ నెల పాఠం వార్డు బయట, షెడ్డులో ఉన్నది. గ్రామాలకు వెళ్ళే మన వ్యాను గురించి. నర్సులకు బండి రిపేరుతో పనేమిటని కొందరు అడగవచ్చు. ఆ బండిలో గర్భిణులను పడుకోబెట్టి పరీక్ష చేసేది మేము. డ్రెస్సింగు డ్రమ్ములు సర్దుకొనేది మేము. ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చొని గతుకుల రోడ్డు మీద ప్రయాణం చేసేదీ మేమే. కాబట్టి ఆ గోడలో నీళ్ళున్నాయో లేదో చూడవలసినది కూడా మేమే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా మన వ్యాను ఆరుబయట వానలో నిలబడింది. తరువాత క్లినిక్కుకు బయలుదేరే రోజున ఒక స్టాఫ్ నర్సు రోజూ చేసినట్టే సిలిండరు క్లాంపును చేత్తో పట్టుకొని ఊపి చూసింది. క్లాంపు బోల్టులతో సహా కదిలింది. పైకి సన్‌మైకా నున్నగా మెరుస్తూనే ఉంది, లోపలి ప్లైవుడ్ మాత్రం తడిసిన అట్టలాగా అయిపోయింది. బండి ఏ గుంతలోనో పడి సిలిండరు ఊడి వాల్వు విరిగితే, లోపల ఒత్తిడితో ఉన్న గ్యాసు దానిని తుపాకి గుండులా తోస్తుంది. ఆ రోజు వ్యాను కదలలేదు, జీపు వెళ్ళింది.

నీళ్ళు ఎక్కడ నుండి వస్తాయి?

ముందు బండి కట్టుబడి తెలియాలి. లోపల ఇనుప గొట్టాల చట్రం. బయట రివెట్లు కొట్టిన రేకు. లోపలివైపు ప్లైవుడ్, దాని మీద సన్‌మైకా. ఈ రెంటి మధ్య వేడి ఆపడానికి థర్మోకోల్ గానీ గాజుదూది గానీ ఉంటుంది. అమెరికాలో కారు వెనుక తగిలించి లాగే ట్రావెల్ ట్రైలర్లు ఉన్నాయి కదా, వాటి నిర్మాణమూ దాదాపు ఇదే. పాతవాటిలో చాలావరకు లోపలి చట్రం కూడా కొయ్యదే. అందుకే పాత ట్రైలరు కొన్నవారు అక్కడ మొట్టమొదట వెతికేది నీటి మరకలనే.

రేకు మధ్యలో చిల్లుపడి నీరు కారడం అరుదు. కారేది అతుకుల దగ్గర. పైకప్పు అంచు, మూలల పట్టీలు, గాలి మూత, సామాను క్యారియరు బోల్టులు, బయటి లైటు, కిటికీ రబ్బరు. అక్కడ పూసిన సీలెంటు ఎండకు ఎండి, బండి అదురుకు అదిరి, సన్నగా పగులుతుంది. ఆ పగులు వెంట్రుకంత ఉన్నా చాలు. మన ఎండలకు ఆ పగులు రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టదు.

ఒక మాట బాగా గుర్తుంచుకోవాలి. మరక కనిపించిన చోటే చిల్లు ఉండదు. నీరు పైన ఒకచోట దూరి, చట్రం గొట్టం వెంట జారి, మూడు నాలుగు అడుగుల అవతల బయటపడుతుంది. అందుకని మరక చుట్టూ సీలెంటు పూసి తృప్తిపడడం వృథా. పట్టణంలోని ఒక వర్కుషాపులో వెనుకటి సంవత్సరం మన బండికి అదే చేశారు. పగుళ్ళ మీదా, బాగున్న చోటా, అంతటా తెల్లటి సిలికాన్ మెత్తారు. పాత సిలికాన్ మీద కొత్త సీలెంటు అంటదు, రంగు కూడా నిలవదు. దానిని గీకి తీయడానికి మన డ్రైవరుకూ, మెయింటెనెన్సు తాతకూ నాలుగు రోజులు పట్టింది. బిల్లు మాత్రం అప్పుడే కట్టేశాము.

వెతికే పద్ధతి ఇది. ఎండ ఉన్న రోజున ఒకరు టార్చిలైటుతో లోపల కూర్చోవాలి, ఒకరు బయట నీళ్ళ పైపు పట్టుకోవాలి. కింద నుండి మొదలుపెట్టి పైకి పోవాలి. ముందు కిటికీ కింది అంచు, తరువాత పక్కలు, తరువాత పై అంచు, చివరికి కప్పు. ఒక్కొక్క చోట ఐదు పది నిమిషాలు నీరు వదలాలి. పై నుండి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదా పారి, కారేది ఏదో తెలియదు. బండ్లు కడిగే ప్రెషరు పంపు వాడవద్దు. అది బాగున్న అతుకులోకి కూడా నీళ్ళు తోసేస్తుంది.

కొన్నిసార్లు అది కారుడు కానే కాదు, ఆవిరి. చలికాలం తెల్లవారుజామున తలుపులు మూసిన బండిలో స్టెరిలైజరు మరిగితే, పదిమంది కూర్చొని ఊపిరి వదిలితే, చల్లటి రేకు మీద నీళ్ళు పడతాయి. రెంటికీ తేడా తెలుసుకోవడానికి జానెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితం వెనుక, గోడ వైపు తడి ఉంటే నీరు గోడలో ఉన్నది. మన వైపు తడి ఉంటే అది గాలిలోని ఆవిరి, దానికి సీలెంటు కాదు, ఎగ్జాస్టు ఫ్యాను కావాలి.

విప్పే ముందు

బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేయాలి. ఆసుపత్రి నుండి బండికి ఇచ్చే 230 వోల్టుల ప్లగ్గు కూడా తీయాలి. తడిసిన గోడలో వైర్లు ఉంటాయి, వాటి మీద చెయ్యి పెట్టేది మనుషులే. పని అయ్యాక ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే తప్పక పెట్టించండి. ఈ ఖర్చును మిగతా ఖర్చులతో తూకం వేయవద్దు.

సామానంతా దించాలి. ఇక్కడ మన విద్యార్థినులు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఉంది: తడిసి ఆరిన స్టెరైల్ ప్యాకును వాడవచ్చా? వాడకూడదు. గుడ్డ గుండా నీరు పోయిందంటే దాని వెంట సూక్ష్మక్రిములూ పోయాయి. ఆరినంత మాత్రాన అవి బయటకు రావు. విప్పి, ఉతికి, మళ్ళీ ఆటోక్లేవ్ చేయాలి. మూత సరిగా లేని డబ్బాలోని గ్లూకోమీటరు స్ట్రిప్పులు చెమ్మకు చెడిపోయి తప్పు లెక్క చూపిస్తాయి. షుగరు 300 ఉన్నవారికి 150 అని చూపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. మలేరియా, గర్భ పరీక్ష కిట్ల కవరు చిరిగినా, ఉబ్బినా తీసివేయండి. లేబుల్ చెరిగిన సీసా ఎంత ఖరీదైనదైనా మందు కాదు. స్పాంజి పరుపు, అట్టపెట్టెలు, తడిసిన దూది పారవేయాలి. పరుపు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల నెల్లాళ్ళ తరువాత కూడా బూజు వాసన వేస్తుంది.

బూజు సంగతి

తడిసిన వస్తువును 24 నుండి 48 గంటలలోగా ఆరబెట్టకపోతే బూజు మొలుస్తుంది. వాసన ముందు వస్తుంది, మచ్చ తరువాత కనిపిస్తుంది. గ్రామాలలో ఈ నల్లమచ్చలను చూసి "ఇది బ్లాక్ ఫంగస్ కాదా అమ్మా" అని భయపడినవారు ఉన్నారు. 2021లో కరోనా రోజులలో వచ్చిన ఆ వ్యాధి మ్యూకర్‌మైకోసిస్. అందులో నలుపు బూజు రంగు కాదు, చచ్చిపోయిన కండ రంగు. అది ముఖ్యంగా అదుపులేని షుగరు ఉన్నవారికీ, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారికీ వచ్చింది. మన గోడ మీది నల్లమచ్చ సాధారణంగా వేరే జాతి.

అంతమాత్రాన దానిని తేలికగా తీసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవారికి బూజు గాలి తగిలితే ఆయాసం లేస్తుంది. మన వ్యానుకు వచ్చేవారిలో టీబీ మందులు పూర్తిచేసినవారు చాలామంది. టీబీ నయమైనా కొందరి ఊపిరితిత్తులలో గుహవంటి గుంతలు మిగులుతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఆ గుంతలలో బంతిలాగా పెరిగి రక్తం కక్కించగలదు. ఈ బూజు ఎక్కడైనా ఉంటుంది, నిజమే. అయితే అలాంటి మనిషిని తెలిసితెలిసి బూజుపట్టిన పెట్టెలో కూర్చోబెట్టడం నర్సు చేయదగిన పని కాదు. శుభ్రం చేసే పనిలో కూడా ఉబ్బసం ఉన్న స్టాఫును, గర్భిణులను పెట్టవద్దు. మిగతావారు ఎన్-95 మాస్కు, గ్లవ్సు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పొడిగా గీకకూడదు, తడిపి గీకాలి. పొడిగా గీకితే బూజు గింజలు బండంతా ఎగురుతాయి.

రేకు, సన్‌మైకా, ప్లాస్టిక్ వంటి గట్టి వస్తువులకు సబ్బునీళ్ళు, బ్రష్షు చాలు. బ్లీచింగు ద్రావణం వాడాలనుకుంటే 4 లీటర్ల నీటికి ఒక కప్పు మించకూడదు. తలుపులు తీసి ఉంచాలి. దానిని అమోనియా ఉన్న క్లీనరుతో గానీ, బాత్రూము యాసిడ్‌తో గానీ ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. బ్లీచింగు ఇనుమును తింటుంది, కొయ్య లోపలికి దిగదు. కనుక కుళ్ళిన ప్లైవుడ్‌కు బ్లీచింగు పూసి బాగైందనుకోవడం చీము మీద పౌడరు చల్లినట్టే.

కోత, ఆరబెట్టడం

ఎంతవరకు కుళ్ళిందో తెలియడానికి సన్నటి స్క్రూడ్రైవరు చాలు. మంచి కొయ్యలో దిగదు, కుళ్ళినదానిలో వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. మెత్తదనం ఎక్కడ ఆగిందో అక్కడికి ఆపకుండా, గట్టి కొయ్య కనిపించాక ఇంకొక జానెడు దాటి కోయించాలి. కార్పెంటరు "పైన ఇంకొక ప్లైవుడ్ వేస్తే సరిపోతుందమ్మా" అంటాడు. వద్దనండి. గాయం లోపల చచ్చిన కండను వదిలి పైన కుట్లు వేయము కదా. మన బండిలో ఒక మూల మరకతో మొదలైన కోత పరీక్ష బల్ల కింది నేల వరకు పోయింది. గర్భిణులు కాలు మోపి బల్ల ఎక్కే చోటే నేల మెత్తబడింది.

తడిసిన గాజుదూది ఆరదు, తీసి పారవేయాలి. ఇనుప చట్రానికి తుప్పును వైరు బ్రష్షుతో గీకి, ప్రైమరు, పెయింటు వేయాలి. చట్రం గొట్టమే పొడిగా రాలిపోతుంటే అది మన చేతిలో పని కాదు, వెల్డరుకూ బాడీ బిల్డరుకూ చూపించాలి. వారు చట్రం పనికిరాదంటే బండిని ఆపివేయడమే మంచిది. పాతబండి మీద ప్రేమతో మనుషులను ఎక్కించకూడదు.

ఇక ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటి ఉంటే కుళ్ళు పుట్టించే బూజు బ్రతికే ఉంటుంది. తేమ కొలిచే మీటరు కార్పెంటర్ల వద్ద కొందరికి ఉంటుంది, అరువు తెచ్చుకోండి. గోడ తెరిచి ఉంచి, పొడి ఎండలో తలుపులు తీసి ఫ్యాను పెట్టాలి, రాత్రి మూసివేయాలి. మన కోస్తాలో ఈ పనికి ఫిబ్రవరి నుండి మే వరకు మంచి కాలం. మేము ఫిబ్రవరిలో గోడ విప్పి మార్చి చివర వరకు మూయలేదు. ఆ రెండు నెలలు జీపుతోనే క్లినిక్కులు నడిపాము. మూడు ఊళ్ళలో పరీక్ష బల్ల లేక గర్భిణులను అంగన్‌వాడీ గదిలో చూడవలసి వచ్చింది. ఎప్పుడు మూస్తారని కమిటీవారు రెండుసార్లు కబురు పెట్టారు. మీటరు ఇంకా ఒప్పుకోవడం లేదని చెప్పాము.

కొత్త ప్లైవుడ్

దుకాణంలో "వాటర్‌ప్రూఫ్" అని చెప్పినది తీసుకోవద్దు, ముద్ర చూడండి. ఐఎస్ 710 అని ఉంటే అది మెరైన్ ప్లైవుడ్. ఐఎస్ 303లో ఎంఆర్, బీడబ్ల్యూఆర్ అని రెండు రకాలు. ఎంఆర్ ఇంటిలోపలి బీరువాలకు, బండి నేలకు కాదు.

జిగురు సంగతి కూడా ఆరోగ్యానికి సంబంధించినదే. చౌక ప్లైవుడ్‌లో వాడే యూరియా జిగురు నుండి, వేడికీ చెమ్మకూ ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. ల్యాబులో నమూనాలు నిలవచేసే ఫార్మలిన్ వాసన మనకందరికీ తెలుసు, అదే ఇది. 2005లో అమెరికాలో కత్రినా తుపాను తరువాత ఇళ్ళు పోయినవారిని ప్రభుత్వం వేల ట్రావెల్ ట్రైలర్లలో ఉంచింది. కళ్ళమంటలు, దగ్గు, తలనొప్పి అని జనం మొరపెట్టుకున్నారు. 2007 చివర, 2008 మొదట్లో సీడీసీ వారు 519 ట్రైలర్లు, మొబైల్ ఇళ్ళలో గాలిని పరీక్షిస్తే సగటున 100 కోట్ల భాగాలలో 77 భాగాల ఫార్మాల్డిహైడ్ ఉన్నది, ఒకచోట 590 ఉన్నది. ఇది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మెరైన్ ప్లైవుడ్‌లో ఫినాల్ జిగురు వాడతారు, దాని నుండి ఆవిరి చాలా తక్కువ. అయినా పని పూర్తయ్యాక కొన్ని రోజులు తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి.

బిగించే ముందు ప్లైవుడ్ అంచులకూ, ప్రతి బోల్టు రంధ్రానికీ పెయింటు గానీ ఎపాక్సీ గానీ పట్టించాలి. నీరు పీల్చేది అంచు నుండే. సిలిండరు క్లాంపును ఈసారి ప్లైవుడ్‌కు బిగించవద్దు. వెనుక ఇనుప పట్టీ పెట్టి చట్రానికే బోల్టు వేయించండి. బయట అతుకుల పాత సీలెంటంతా తీసి, స్పిరిటుతో తుడిచి, పాలీయురిథేన్ సీలెంటు వేయాలి. లైటు, గాలి మూత వంటివాటి కింద బ్యూటైల్ టేపు పరచి బిగించాలి. తరువాత మళ్ళీ అదే నీళ్ళ పైపు పరీక్ష, లోపల టార్చితో ఒకరు.

ఇకమీదట బండిని చింతచెట్టు కింద పెట్టవద్దని డ్రైవర్లకు చెప్పాము. ఆకు రాలి కప్పు అంచు కాలువ మూసుకుంటుంది. నిలిపేటప్పుడు ముందుభాగం కాస్త ఎత్తుగా ఉండాలి. టార్పాలిన్ కప్పితే గాలి ఆడేలా ఎడంగా కట్టాలి, చుట్టి బిగిస్తే లోపల చెమ్మ లోపలే మగ్గుతుంది. నేల కింద నీరు పోయే రంధ్రాలలో బురద చేరకుండా పుల్లతో తీస్తుండాలి.

వ్యాను డ్యూటీ పుస్తకంలో ఒక కొత్త గడి గీశాము. ప్రతి నెల మొదటి శనివారం, వానాకాలంలో ప్రతి వారం, డ్యూటీ సిస్టరు నాలుగు మూలలూ చేత్తో నొక్కి, కిటికీల కింద వాసన చూసి, క్లాంపు ఊపి, సంతకం చేయాలి. పుస్తకం డ్రైవరు సీటు వెనుక సంచిలో ఉంటుంది.