ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్ని వెతుక్కో

గుంటూరు

చిరంజీవి బుజ్జికి,

నిన్న సాయంత్రం ప్రార్థన అయ్యాక మీ అమ్మ ఫోన్ చేసింది. అక్కడ ఐర్లండ్‌లో పాపకి వారం నుంచి దగ్గనీ, హైదరాబాదులో కొనుక్కుపోయిన అజిత్రోమైసిన్ సిరప్ సూట్‌కేసులోంచి తీసి పోస్తున్నావనీ చెప్పింది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు: “ఇంకా డాక్టర్ని చూసుకోలేదు పెద్దమ్మా, ఇల్లూ స్కూలూ కుదురుకున్నాక ఇన్సూరెన్సు సంగతి చూస్తాం” అని. అప్పుడే గట్టిగా చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు.

ముందు ఆ సిరప్ ఆపు. పిల్లల దగ్గుల్లో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఎగశ్వాస ఉన్నా, పాలూ నీళ్లూ తాగకపోయినా, పిల్ల మగతగా పడి ఉన్నా ఇంట్లో కూర్చోకు, వెంటనే చూపించు. రాత్రుళ్లూ శని ఆదివారాలూ అయితే కేర్‌డాక్‌కి ఫోన్ చెయ్యి. మీ కిల్కెన్నీ, కార్లో, వాటర్‌ఫర్డ్ వైపు క్లినిక్కులు మూసేశాక చూసే డాక్టర్ల సర్వీసు అది. ఫోన్ చెయ్యకుండా నేరుగా వెళ్లకూడదు. ప్రాణం మీదకి వస్తే 112 గానీ 999 గానీ. ఈ మూడూ ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టు.

ఇక అసలు మాట. మన గుంటూరులో మోకాలు నొప్పంటే కొత్తపేటకి పోయి బోర్డు చూసుకుని నేరుగా ఎముకల డాక్టరు దగ్గర కూర్చుంటాం. అక్కడ ఆ పద్ధతి లేదు. మోకాలైనా, చెవైనా, గుండైనా ముందు జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, చూడాలి, ఆయన ఉత్తరం రాయాలి, అప్పుడే స్పెషలిస్టు. సొంత డబ్బు పెట్టి ప్రైవేటుకి వెళ్దామన్నా ఆ ఉత్తరమే అడుగుతారు. మీ ఊరి సెయింట్ లూక్స్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఉత్తరం లేకుండా వెళ్తే 100 యూరోలు కట్టాలి, ఉత్తరం ఉంటే అదీ ఉండదు. మీ ఆయన కంపెనీ ఎంత ఖరీదైన ఇన్సూరెన్సు కార్డు చేతిలో పెట్టినా, జీపీ లేని మనిషికి దానితో సగం పనులు కావు. అందుకే ఇన్సూరెన్సు కంటే ముందు డాక్టరు అంటున్నాను.

నాకు ఈ పట్టింపు ఐర్లండ్‌లో నేను చేసిన నర్సు కొలువులో వచ్చింది కాదు. మీ తాతయ్య రోజుల్లో మన ఊరికి సైకిలు మీద ఒక ఆర్‌ఎంపీ వచ్చేవాడు. మిక్శ్చరు సీసాకి కాగితం పట్టీ అంటించి, కత్తెరతో పక్కన గాట్లు పెట్టి ఇచ్చేవాడు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. నాకు ఆ సీసాని వెలుగుకి ఎత్తి ఎన్ని గాట్లు మిగిలాయో చూడటం సరదా. చదువు తక్కువే గానీ ప్రతి ఇంటి మనిషీ ఆయనకి తెలుసు. ఒక పొద్దున మీ తాతయ్య పొలం వెళ్లకుండా అరుగు మీద కూర్చుని ఉంటే, “ఈయన కూర్చునే మనిషి కాదే” అని సైకిలు దిగాడు. నాడి చూశాడు, మందు ఇవ్వలేదు. బస్సు ఆపించి తనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు, నీ పెళ్లి కూడా చూశారు కదమ్మా. నేను కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి చేరింది కూడా ఆ తర్వాతే. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ 1898లో తెరిచిన ఆసుపత్రి అది. అక్కడ మాకు మొదట నేర్పింది రోగిని పేరు పెట్టి పిలవడం, నిన్న ఎలా ఉన్నాడో గుర్తుపెట్టుకోవడం. నిన్ను నిన్న చూసిన డాక్టరుకే ఈరోజు తేడా తెలుస్తుంది. రోగం వచ్చాక కొత్త గుమ్మం తొక్కితే ఆ తేడా చెప్పేవాళ్లు ఉండరు.

“లిస్టు నిండిపోయింది అంటున్నారు” అని రాశావు. నిజమే, నేను ఉన్నప్పుడూ అదే మాట. అంతమాత్రాన మానుకుంటారా? ఫోన్లో కాదన్న చోటుకి మనిషివి వెళ్లి అడుగు, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించు. కొత్త డాక్టరు ఎప్పుడు చేరుతున్నారో కనుక్కో. ఊళ్లో కుదరకపోతే థామస్‌టౌన్, క్యాలన్ వైపు చూడు. స్కూలు గేటు దగ్గర తల్లుల్ని అడుగు, మన మలయాళీ నర్సుల్ని అడుగు, వాళ్లకి తెలియని క్లినిక్ ఉండదు. ఇంకొక దారి ఉంది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి జీపీ విజిట్ కార్డు ఉంటుంది, పాపని చూపించినందుకు ఒక్క యూరో కూడా తీసుకోరు. కనీసం ఏడాది అక్కడ ఉండబోతున్నారని చూపిస్తే చాలు. ఆ కార్డు ఉన్నవాళ్లని ముగ్గురు డాక్టర్లు కాదంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ హెచ్‌ఎస్‌ఈ వాళ్లే ఒక డాక్టర్ని కేటాయిస్తారు. పాపని అలా చేర్పించి, అదే క్లినిక్‌లో మీ ఇద్దరినీ తీసుకోమని అడుగు. మీకు ఒక్కోసారికి 50, 60 యూరోలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే అవుతుంది. రసీదులు దాచు, ఏడాది చివర పన్నుల శాఖ రెవెన్యూ వాళ్లకి చూపిస్తే అందులో 20 శాతం పన్నులో తిరిగి వస్తుంది.

చలికి పాప చెవులు కప్పుతున్నావా? నోర్ నది ఒడ్డున గాలి కోటగోడలు దాటి కొడుతుంది. నీకు చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చినప్పుడు మూడు రాత్రులు నా ఒళ్లోనే పడుకున్నావు. నాకు ఇంకా ఆ పిల్లవే.

ఇన్సూరెన్సు దగ్గరికి వస్తాను. ఆస్పత్రి బిల్లుకి భయపడి తీసుకునేది కాదు అది. 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంచం చార్జీ తీసేశారు. కాన్పు కూడా ప్రభుత్వ పద్ధతిలో ఉచితమే, జీపీ పరీక్షలతో సహా. ఇన్సూరెన్సు ఉన్నది నెలల తరబడి క్యూలో నిలబడకుండా ఉండటానికి. 1957లో పెట్టిన వీహెచ్‌ఐ, తర్వాత వచ్చిన లయా, ఐరిష్ లైఫ్, ఎవరి దగ్గరైనా ఒకటే ధర్మం: ఒక ప్లానుకి ముప్పై ఏళ్ల వాడికీ, డెబ్బై అయిదేళ్ల ముసలామెకీ, ఆరోగ్యవంతుడికీ రోగిష్టికీ ఒకే ప్రీమియం. మన దేశంలో లాగా వయసు పెరిగేకొద్దీ పెంచరు. అయితే అందరూ ముసలితనం దాకా ఆగి చేరితే ఆ పద్ధతి నిలవదు గనుక 2015 మే నుంచి ఒక షరతు పెట్టారు. 35 ఏళ్లు వచ్చాక మొదటిసారి చేరేవాళ్లకి 34 దాటిన ప్రతి ఏడాదికీ 2 శాతం ఎక్కువ, అదీ పదేళ్ల పాటు. కొత్తగా ఆ దేశం వచ్చినవాళ్లకి తొమ్మిది నెలల గడువు. ఆ లోపల చేరితే అదనం లేదు.

మీ ఆయనకి 38. గడువు దాటితే 8 శాతం అదనం. మీరు వెళ్లి ఐదు నెలలైపోయింది. అంతకంటే ముఖ్యం, చేరిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. కొత్త జబ్బులకి 26 వారాలు ఆగాలి, కాన్పుకి 52 వారాలు, ముందే ఉన్న జబ్బులకి ఐదేళ్లు. మీ ఆయనకి బీపీ ఉంది. మీరు వాయిదా వేసే ప్రతి నెలా ఆ ఐదేళ్ల చివర చేరుతుంది. దెబ్బలకీ ప్రమాదాలకీ మాత్రం ఆగక్కర్లేదు.

వందల ప్లాన్లు ఉంటాయి, పేర్లు చూసి బెదరకు. హెల్త్ ఇన్సూరెన్స్ అథారిటీ సైటులో పక్కపక్కన పెట్టి ఉచితంగా పోల్చి చూడొచ్చు. కంపెనీ ఉద్యోగులకని పేరు పెట్టిన ప్లాను కూడా ఎవరు అడిగినా ఇవ్వాలి, అది చట్టం. మూడు సంగతులు అడుగు: ఊళ్లో ఉన్న ఆట్ ఈవెన్ ఆసుపత్రి ఈ ప్లానులో ఉందా, చేరిన ప్రతిసారీ మన జేబులోంచి ఎంత, మోకాలు తుంటి ఆపరేషన్లకి కోత ఉందా. ఇంటి పక్కన ఆట్ ఈవెన్ పెట్టుకుని డబ్లిన్‌లో మాత్రమే చెల్లే ప్లాను కొనకు.

ఇంకొక్కటి. మీ ఆయన మాత్రల పేరు టెల్మా అని చెబితే అక్కడి ఫార్మసీ వాళ్లకి తెలియదు. పెట్టె మీద సన్నక్షరాల్లో టెల్మిసార్టన్ అని ఉంటుంది, ఆ పేరూ మిల్లీగ్రాములూ కాగితం మీద రాసి, హైదరాబాదు డాక్టరు చీటీతో కలిపి పెట్టుకో. డ్రగ్స్ పేమెంట్ స్కీములో పేరు రాయించుకుంటే చీటీ మందులకి ఇంటి మొత్తానికి నెలకి 80 యూరోలకు మించి పడదు.

నువ్వు తెలివైనదానివే తల్లీ. ఇల్లు సర్దావు, పాపని బడిలో చేర్చావు, మీ ఆయనకి వండి పెడుతున్నావు, అక్కడ నీకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇంత పొడుగు రాశాను. సోమవారం తొమ్మిదింటికి పాప కార్డుకి దరఖాస్తు పెట్టు, అదే రోజు మూడు క్లినిక్కులకి వెళ్లు. ఈ నెల జీతం రాగానే ముగ్గురికీ ఇన్సూరెన్సు కట్టండి. అయ్యాక నాకు ఒక్క ముక్క రాయి, డాక్టరు పేరుతో సహా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ