అతికించిన గాజు ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: విద్యుత్ కొలిమిలో అతికించిన రంగుగాజు పలకలు కొన్నాళ్లకు వాటంతట అవే పగులుతున్నాయి. కారణమేమిటి? ఈ కళను కార్యశాలలోనే నేర్చుకోవాలా?

జవాబు: ఇటువంటి పగుళ్లకు సాధారణంగా రెండు కారణాలుంటాయి. మొదటిది ఉష్ణవ్యాకోచ గుణకం, అంటే ఒక డిగ్రీ వేడికి పదార్థం ఎంత పాలు సాగుతుందో తెలిపే సంఖ్య. అతికించే గాజును ఈ గుణకాన్ని సూచించే 90 లేదా 96 అన్న గుర్తుతో అమ్ముతారు గనుక, ఆ రెండింటినీ కలిపినా, వాటికి కిటికీ గాజును జోడించినా, చల్లారేటప్పుడు పలకలు వేర్వేరు పాళ్లలో కుంచించుకుపోయి లోపల ఒత్తిడి నిలిచిపోతుంది. రెండవది మందశీతలీకరణలో తొందరపాటు: సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద అతుక్కున్న గాజును దాదాపు 500 డిగ్రీల వద్ద నిలిపి, ఆపై మెల్లగా దించాలి, మందం పెరిగేకొద్దీ ఈ వ్యవధి బాగా పెరుగుతుంది. రెండు ధ్రువణ ఫలకాలను వాటి ధ్రువణ దిశలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పేర్చి వాటి మధ్య గాజును ఉంచితే, ఒత్తిడి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. కొలిమి కొనేముందే అలవరచుకోదగిన పరీక్ష ఇది.

గాజు అతికించే పనిని పుస్తకంతోనూ సాధించవచ్చు. గాజు ఊదడం అలా కాదు. సుమారు 1,100 డిగ్రీల ముద్దను గొట్టం కొసన ఆపకుండా తిప్పే లయ పక్కన గురువు ఉంటేనే చేతికి పట్టుబడుతుంది. కార్ఖానాలకే పరిమితమైన ఈ విద్య అమెరికాలో వ్యక్తిగత కళాకారుల చేతికి వచ్చింది కూడా 1962లో టొలీడో కళా ప్రదర్శనశాలలో హార్వీ లిటిల్‌టన్ నడిపిన కార్యశాలలతోనే. అక్కడ మొదట గాజు సరిగా కరగకపోతే, డొమినిక్ లబీనో తక్కువ వేడికి కరిగే గాజుగోళీలను సమకూర్చాడు.