గృహోపకరణాల గ్యారంటీ: బిల్లు ఎవరి పేరున?

తాండూరు: మచ్చు చూడనిదే కందులకు ధర చెప్పని వర్తకులు ఫ్రిజ్ కొనేటప్పుడు గ్యారంటీ కార్డు చదవరు. పదేళ్ల గ్యారంటీ సాధారణంగా కంప్రెసర్‌కే పరిమితం. గ్యాస్, మరమ్మతు కూలీ అందులో చేరకపోవచ్చు. అదనపు గ్యారంటీకి సొమ్ము కట్టేముందు అది ఏ భాగాలకు వర్తించేదీ, మెకానిక్ తాండూరు వచ్చేదీ లేనిదీ తేల్చుకోవాలి.

బిల్లు మరీ ముఖ్యం. ఇంటి ఫ్రిజ్‌కు దుకాణం పేరున బిల్లు తీసుకోవడం నష్టదాయకం. సొంత వాడకపు వస్తువుపై జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ చెల్లదు. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతుకుతెరువుకై కొన్నవారికే మినహాయింపు. వివాదం వస్తే దుకాణం బిల్లు ఎదుటివారికి ఆయుధమవుతుంది. సొంత పేరున బిల్లు ఉంటే, నివాసమున్న జిల్లాలోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు.