పవర్ ప్యాక్ ఎక్కబోతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకు,

సోమవారం నుంచి నిన్ను వైబ్రో హ్యామర్ పవర్ ప్యాక్ మీద వేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం రా. షీట్ పైల్స్ దింపేటప్పుడు అందరి చూపూ క్రేను మీదే ఉంటుంది. హ్యామర్‌కు ప్రెషర్ ఆయిలు పంపుతూ పక్కన మోగుతుండే ఆ డీజిల్ డబ్బా, అంటే పవర్ ప్యాక్ సంగతి నువ్వే చూసుకోవాలి.

పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగు. ఇంజనాయిలు, రేడియేటరు నీళ్లు, డీజిలు ఎవరైనా చూస్తారు. హైడ్రాలిక్ ట్యాంకు కింది సక్షన్ వాల్వు తెరిచి ఉందో లేదో మాత్రం చాలామంది చూడరు. రాత్రి రిపేరుకని మెకానిక్ మూసి, తెరవడం మరిచిపోయి ఉండొచ్చు. అలాగే స్టార్ట్ చేశావంటే పంపుకు ఆయిలు అందదు. నిమిషాల్లో లోపలి భాగాలు అరిగిపోయి, ఆ ఇనుప రజను లైనంతా పాకుతుంది. గాజు గేజిలో ఆయిలు మట్టంతో పాటు రంగూ చూడు. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. స్విచ్చులన్నీ ఆఫ్‌లో ఉన్నాయా, బెల్టు మీద గార్డు ఉందా, హ్యామర్ దగ్గర మనుషులెవరూ లేరు కదా, ఇవి చూశాకే తాళం తిప్పు.

సెల్ఫ్ ఒక్కసారికి అర నిమిషం మించి పట్టొద్దు. ఇంజను అందుకోకపోతే రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టు. చలి రోజుల్లో ఎవడో ఒకడు గాలి ఫిల్టరులోకి ఈథర్ స్ప్రే కొట్టమంటాడు. హీటరు ఉన్న ఇంజనులో అది పేలిపోతుంది, ఒప్పుకోకు. అందుకున్నాక కొద్ది సెకన్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవాలి, లేవకపోతే వెంటనే ఆపెయ్. లేస్తే ఓ ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదులు. సరిగ్గా అప్పుడే ఫోర్‌మన్ "క్రేను ఖాళీగా ఉంది, రేజ్ చెయ్" అని తొందరపెడతాడు. ఆయన తొందర ఆయనది. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది, పంపు దాన్ని సరిగా పీల్చుకోలేదు. "ఐదు నిమిషాలు సార్" అని మర్యాదగా చెప్పి నిలబడు.

పైలును పట్టుకునే క్లాంపుకు ప్రెషర్ పూర్తిగా వచ్చాకే వైబ్రేషన్ మొదలుపెట్టు. వైబ్రేషన్ పూర్తిగా ఆగాకే క్లాంపు వదులు. ఆయిలు వేడి 80 డిగ్రీలు దాటుతుంటే పని ఆపి కూలర్ జాలీ చూడు, దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది.

ఇక నీతో అసలు చెప్పాలనుకున్నది లీకుల గురించి. ఆ హోస్ పైపుల్లో ప్రెషర్ 300 బార్ దాకా పోతుంది. సూది బెజ్జమంత చిల్లు పడితే బయటికొచ్చే ధార కంటికి ఆనదు, కానీ చర్మంలోకి దిగిపోతుంది. గ్లౌజు దాన్ని ఆపలేదు. నేను పనిచేసిన ఒక సైటులో హెల్పరొకడు పైపు చెమర్చిందని చేత్తో తడిమాడు. చూపుడువేలి కొసన చిన్న ఎర్ర చుక్క పడింది, అంతే. నొప్పి లేదన్నాడు, ప్లాస్టరు వేసి పనిలోకి పంపారు. రాత్రికి చెయ్యంతా ఉబ్బింది. చివరికి ఆ వేలు తీసేశారు. ఆ కుర్రాడిది నీ వయసే.

అందుకని, పైపు తడిగా కనిపిస్తే ముందు ఇంజను ఆపు. అదే ధార ఇంజను మీది వేడి టర్బో మీద పడితే మంట అంటుకుంటుంది కూడా. ఇంజను ఆగితే ప్రెషర్ పోయిందనుకోకు. క్లాంపు లైనులో చెక్ వాల్వు దాన్ని పట్టి ఉంచుతుంది. హ్యామర్ పైలును పట్టుకుని ఉండగా ఆ లైను మీద స్పానర్ పెట్టొద్దు. పైలును వదిలించి, ప్రెషర్ దించి, గేజి సున్నాకి వచ్చిందో లేదో నీ కళ్లతో చూసుకున్నాకే విప్పు.

సాయంత్రం ఆపేముందు కూడా టర్బో చల్లబడేలా మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. వేడి మీద రేడియేటరు మూత తియ్యొద్దు. చెవులకు మఫ్స్ పెట్టుకో, అడగడానికి మొహమాటపడకు.

ఒకవేళ ఎవరికైనా ఆయిలు చర్మంలోకి దిగితే, గాయం ఎంత చిన్నదైనా, టీటీ ఇంజెక్షన్‌తో సరిపెట్టనివ్వకు. చేతి సర్జరీ చేసే పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు తీసుకెళ్లాలి, అక్కడ గంటలే లెక్క. ప్రెషర్ ఎంతో, ఏ ఆయిలో డాక్టరుకు చెప్పాలి. సోమవారం వెళ్లగానే ఆయిలు డబ్బా మీది లేబుల్ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకో, నాకూ ఒకటి పంపు.

మీ మామయ్య